ఆరిపోవడం వేరు, అరవడం వేరు

"అది రెండు రకాలుగా చెడిపోయింది అమ్మాయ్. ఒకటి ఆరిపోవడం, రెండోది అరవడం. మీరంతా రెంటినీ ఒకటే అనుకుంటన్నారు."

అమ్మ ఈ మాట నాతో ఫోన్లో అన్నది మార్చిలో. నేను విన్నది మేలో. మధ్యలో రెండు నెలలు నేనూ అందరిలాగే "సరిగ్గా నొక్కుతున్నావా?" అని అడుగుతూ గడిపాను. ఒకసారి "మాన్యువల్ చదివావా?" అని కూడా అడిగాను. ఆ మాన్యువల్ ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటుంది. అమ్మ ఎనిమిదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకుంది. ఆ సంగతి ఆమె నాకు గుర్తు చెయ్యలేదు. "చూస్తాలే" అని ఫోన్ పెట్టేసింది.

అమ్మ నరసరావుపేటలో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయి నాలుగేళ్లయింది. అన్నయ్య హైదరాబాదులో, నేను గుంటూరులో. నాది గంటల లెక్కన పాఠాలు చెప్పే ఉద్యోగం. పేరుకి ముందు డాక్టర్ అని ఉంటుంది, ఏప్రిల్ వచ్చేసరికి జీతం ఉండదు. అమ్మకి పదిహేనేళ్లుగా షుగర్. రెండేళ్ల కిందట ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఆమె కుడిచేతి మూడు వేళ్ల చివర్లు బొబ్బలెక్కి ఉన్నాయి. "ఇదేమిటమ్మా?" అంటే తన వేళ్ల వంక తనే ఆశ్చర్యంగా చూసుకుంది. పొద్దున పులుసు గిన్నె గుడ్డ లేకుండా దించిందట. కాలినట్టే తెలియలేదట.

ఆ వారమే అన్నయ్య ఆన్‌లైన్లో మైక్రోవేవ్ ఓవెన్ పంపించాడు. మామూలుది కాదు, వేడిగాలితో కూడా వండే రకం. గ్యాసు సిలిండర్ తీయించేశాడు. "ఇక మంట దగ్గరికి పోవద్దు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నిజానికి ప్రమాదం కూడా ఉంది, కాదనను. కానీ నలభై ఏళ్లు పొయ్యి ముందు నిలబడ్డ మనిషి పొయ్యి ఎవరి నిర్ణయంతో ఆరిందో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

అమ్మ రెండు వారాల్లో ఆ పెట్టెని లొంగదీసుకుంది. బటన్ల మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటే వాటి మీద బొట్టుబిళ్లలు అంటించింది. ఎర్రది పాలకి, పచ్చది అన్నానికి, నల్లది ఆపడానికి. వేడిగాలి బటన్‌కి మెరుపులున్న పెద్ద బిళ్ల. అది పెళ్లిళ్లకి పెట్టుకునే రకం. "ఇది దర్జాది, తక్కువసార్లు వాడాలి" అని నవ్వింది. అందులో ఉన్న తయారు మెనూల్లో పనీర్ టిక్కా ఉంది, పిజ్జా ఉంది, గోంగూర లేదు. అయినా గోంగూర ఉడికించుకుంది, వంకాయలు కాల్చుకుంది, చపాతీ మీద జున్ను పెట్టి ఏదో చేసి నాకు ఫోటో పంపింది. సాహిత్యంలో వంటింటి గురించి చదివి, రాసి, పాఠం చెప్పే నేను విమల 'వంటిల్లు' కవిత మీద పిల్లలకి గంటసేపు మాట్లాడగలను. మా అమ్మ వంటింట్లో ఉన్న యంత్రం లోపల ఏముందో నాకు ఒక్క ముక్క తెలీదు.

ఈ ఏడాది ఫిబ్రవరి చివర్లో అది మొరాయించడం మొదలైంది.

మొదట కంపెనీ మనిషి వచ్చాడు. సాయంత్రం ఏడుకి వచ్చాడు. గ్లాసుడు నీళ్లు పెట్టి రెండు నిమిషాలు తిప్పాడు, వేడెక్కాయి. "బానే ఉంది కదండీ" అన్నాడు. రెండోసారి వచ్చినప్పుడు ఓల్టేజి సమస్య అన్నాడు. మూడు వేలు పోసి స్టెబిలైజర్ కొన్నాం. ఏమీ మారలేదు. మూడోసారి "ఇంట్లో మగవాళ్లెవరూ లేరా?" అని అడిగి అన్నయ్య నంబర్ తీసుకున్నాడు. సర్క్యూట్ బోర్డు మార్చాలి, ఆరు వేల చిల్లర అవుతుంది, దానికన్నా ఇది ఇచ్చేసి కొత్తది తీసుకోవడం మేలు అని అన్నయ్యతో చెప్పాడు. ఆ సంభాషణ అంతా అమ్మ పక్కన నిలబడి ఉండగానే, ఆమెని దాటుకుని జరిగింది.

ఆ రాత్రి అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. "ఓవెన్ కూడా వాడలేకపోతోందంటే ఇంక ఒంటరిగా ఎట్లా ఉంటుంది? ఎండాకాలం సెలవులు అయ్యేలోపు ఇల్లు అద్దెకిచ్చి ఇక్కడికి తీసుకొచ్చేస్తా."

చూశారా, ఓవెన్ చెడిపోవడం అమ్మ చెడిపోవడానికి సాక్ష్యం అయిపోయింది. నేను చేసిన పరిశోధన పలనాటి వీరుల కథల్లో స్త్రీల మాట గురించి. నాయకురాలు నాగమ్మ మీద రెండు అధ్యాయాలు రాశాను. గురజాలలో నలగామరాజు దగ్గర మంత్రిగా పనిచేసిన ఆడది. మాచర్ల వైపు బ్రహ్మనాయుడు. కోడిపందెం, వనవాసం, కారంపూడి యుద్ధం. అన్నదమ్ముల మధ్య రాజ్యం తగాదా ఎన్ని కారణాలతో ముదిరినా, కథ చెప్పేవాళ్లకి చివరికి తేలే కారణం నాగమ్మే. శ్రీనాథుడి పేరు మీద ఉన్న 'పలనాటి వీర చరిత్ర'లోనూ ఆమెది కుట్ర, ఎదుటివాళ్లది ధర్మం. పలనాడులో యుద్ధం వచ్చినా నాగమ్మే కారణం, పేటలో ఓవెన్ ఆగినా అమ్మే కారణం అని నాలో నేనే ఒక జోకు వేసుకున్నాను. వేసుకున్నాక సిగ్గేసింది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఆడమనిషి మాట వినిపించలేదని మూడు వందల పేజీలు రాసిన నేను, రెండు నెలలుగా అమ్మ చెప్పింది వినలేదు కదా.

మే రెండో వారంలో పేట వెళ్లి వారం రోజులు ఉన్నాను. మీకు పలనాడు ఎండ తెలిసే ఉంటుంది. వేసవి వార్తల్లో రెంటచింతల పేరు రాని ఏడాది ఉండదు. మా వంటింటికి రేకుల కప్పు, ఒకటే కిటికీ. మధ్యాహ్నం రెండింటికి లోపల నిలబడితే ఒళ్లంతా పొయ్యి మీద పెట్టినట్టే ఉంటుంది.

ఈసారి సలహాలు చెప్పకుండా కూర్చున్నాను. "ఎప్పుడు ఏమవుతుందో చెప్పు" అన్నాను. అమ్మ లోపలికి వెళ్లి పాల లెక్కల పుస్తకం తెచ్చింది. దాని వెనక పేజీల్లో మార్చి నుంచీ రాసుకుంది. తేదీ, పూట, ఏం వండింది, ఏమయింది. నన్ను అడిగి కాదు, ఎవరూ చెప్పగా కాదు. "మీరు నమ్మట్లేదు గదా, అందుకని రాసిపెట్టా" అంది.

ఆ పేజీలు చదివితే సగం రోగం అక్కడే తెలుస్తుంది. 'ఆరె' అని రాసినవన్నీ మధ్యాహ్నం పన్నెండుకీ నాలుగుకీ మధ్య. అది కూడా ఒకదాని వెంట ఒకటి రెండు మూడు వండినప్పుడే. లైటు, పళ్లెం, గాలి అన్నీ ఒక్కసారిగా చచ్చిపోవడం, అరగంటకి దానంతట అదే రావడం. 'అరిచె' అని రాసినవాటికి పూటతో పనిలేదు. పొద్దున్నా ఉన్నాయి, రాత్రీ ఉన్నాయి. కానీ అవన్నీ మెరుపు బిళ్ల నొక్కినప్పుడే, అంటే వేడిగాలితో వండినప్పుడే. అద్దం మీద ఒక అక్షరం, ఒక అంకె కనబడి కుయ్యి కుయ్యిమంటుంది. ఒకచోట పక్కన చిన్నగా రాసి ఉంది: 'తలుపు గట్టిగా వేస్తే అరుపు ఆగింది.'

కంపెనీ మనిషి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లలో ఒక్కసారి ఈ పుస్తకం అడిగి ఉంటే చాలు. అతన్నీ పూర్తిగా తప్పు పట్టలేను. రోజుకి పది ఇళ్లు తిరగాలి, బోర్డు మారిస్తేనే అతనికి లెక్క.

నేను రెండు రోజులు కూర్చుని చదివాను. నాకొచ్చిన విద్య అదే కదా. ఓవెన్ లోపల మాగ్నెట్రాన్ అనే గొట్టం ఉంటుంది, సూక్ష్మతరంగాలు పుట్టించేది అదే. రెండో ప్రపంచయుద్ధంలో రాడార్ల కోసం వాడిన వస్తువు. 1945లో అమెరికాలో రేథియాన్ కంపెనీలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు జేబులో మిఠాయి కరిగిందన్న కథ అందరికీ తెలిసిందే. 1947లో వచ్చిన మొదటి ఓవెన్ మనిషంత ఎత్తు, మూడు వందల కిలోలకి పైన బరువు. వంటింటి బల్ల మీదకి రావడానికి 1967 దాకా పట్టింది. యుద్ధం నుంచి వంటింటికి ఇంత దూరం వచ్చిన యంత్రం కాబట్టి, దాన్ని కాపాడటానికి లోపల చిన్న చిన్న కాపలాదార్లు ఉంటారు. తలుపు పూర్తిగా పడకపోతే తరంగాలు పుట్టనివ్వని మీటలు. మాగ్నెట్రాన్ మితిమీరి వేడెక్కితే కరెంటు తెంపేసే చిన్న బిళ్ల. వేడిగాలి ఎంత వేడిగా ఉందో బోర్డుకి చెప్పే థర్మిస్టర్. ఖరీదైన రకాల్లో ఆవిరి పసిగట్టేది కూడా ఉంటుందట, మాదాంట్లో లేదు.

కరెంటు తెంపే బిళ్లలో రెండు లోహాలు అతికించిన రేకు ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువ సాగి, ఒకటి తక్కువ సాగి, రేకు వంగి టక్కుమని విడిపోతుంది. చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. అమ్మ 'అరగంటకి వచ్చె' అని రాసింది అదే. అంటే బిళ్ల చెడిపోలేదు, తన పని తాను చేస్తోంది. మరి మాగ్నెట్రాన్ ఎందుకు అంత వేడెక్కుతోంది? లేచి వెళ్లి ఓవెన్ చూశాను. గోడకి ఆనించి ఉంది. అన్నయ్య వచ్చినప్పుడు "దారికి అడ్డం" అని వెనక్కి తోసేశాడట. పైన అమ్మ అల్లిన క్రోషియా గుడ్డ. పక్కన గాలి పోయే జల్లెడ నిండా నూనె, దుమ్ము కలిసి జిడ్డు కట్టింది. గాలి ఆడటానికి చోటే లేదు. దానికి తోడు రేకుల కింద మే నెల మధ్యాహ్నం.

ఓవెన్‌ని జానెడు ముందుకి లాగాం. ప్లగ్గు తీసి జల్లెడ తుడిచాను. క్రోషియా గుడ్డ తియ్యమంటే అమ్మకి మనసొప్పలేదు. "వండేటప్పుడు తీస్తా, తర్వాత కప్పుతా" అంది, అదే న్యాయం. తర్వాత నాలుగు రోజులు మధ్యాహ్నాలే వండాం. ఒక్కసారి కూడా ఆరిపోలేదు.

అరవడం మాత్రం మానలేదు.

ఇక పెట్టె విప్పాల్సిందే. ఇది చదివి మీరూ స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దని ఇక్కడే చెబుతున్నాను. ఈ యంత్రంలో కెపాసిటర్ ఉంటుంది. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది రెండు వేల ఓల్టుల స్థాయి. ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉండొచ్చు. ముట్టుకుంటే ప్రాణం పోతుంది. చదివిన కొద్దీ నాకు ధైర్యం తగ్గింది, అది మంచిదే అయింది.

"స్టేషన్ వైపు వైండింగ్ షాపుంది గదా, ఆ అమ్మాయి చేసిద్ది" అంది అమ్మ.

బోర్డు మీద ఆ అమ్మాయి పేరు లేదు. భర్త పేరు, పక్కన 'అండ్ బ్రదర్స్'. బయట బల్ల దగ్గర భర్త ఫోన్లో రైతులతో మాట్లాడుతున్నాడు. మిర్చి తోటలకి, పత్తికి నీళ్లు తోడే మోటార్లు కాలిపోయి ఇక్కడికి వస్తాయి. లోపల గదిలో నలభై ఏళ్లావిడ రాగి తీగ చుట్లు లెక్కపెడుతూ మోటారు చుడుతోంది. పెదాలు కదులుతున్నాయి. మేం వెళ్లి నిలబడితే చెయ్యెత్తి ఆగమంది. చుట్లు పూర్తయ్యాకే తల తిప్పింది. పెళ్లయిన కొత్తలో అత్తగారు తీగ అందించమంటే అందించడంతో మొదలైందట. ఇరవై రెండేళ్లయింది. "మా ఆవిడ సాయం చేస్తదండీ" అన్నాడు భర్త. మేం ఉన్న రెండు గంటల్లో ఆయన మోటారు ముట్టుకోలేదు.

"మైక్రోవేవా?" అంది అక్క. "కెపాసిటర్ ఉంటది, పిల్లల్ని దగ్గరికి రానీయను." పిల్లల్ని బయటికి పంపి తలుపు దగ్గరికేసింది. ప్లగ్గు వేలాడుతూ కనబడేలా బల్ల మీద పెట్టింది. కవరు తీసిన వెంటనే కెపాసిటర్‌ని ఖాళీ చేసి, మీటర్‌తో చూసి, మళ్లీ ఒకసారి చూసింది. ఆ తర్వాతే నన్ను దగ్గరికి రమ్మంది. నేను పుస్తకం అమ్మ చేతిలోంచి తీసి ఇవ్వబోతే, "ఆమెనే చెప్పనీ" అంది. "పెద్దమ్మా, ఏమయిద్దో నువ్వు చెప్పు."

అమ్మ చెప్పింది. పూట, వంట, తలుపు. మధ్యలో అక్క ఒకే ప్రశ్న అడిగింది, తలుపు గట్టిగా వేస్తే ఆగుద్దా, మెల్లిగా వేస్తే కూడా ఆగుద్దా అని. గట్టిగా వేస్తేనే అని అమ్మ చెప్పింది.

ముందు తలుపు మీటలు చూసింది. ఒక్కోటి నొక్కి, వదిలి, మీటర్‌లో చూసింది. అన్నీ బాగున్నాయి. "ఇయి పోతే అరవదు, అసలు మొదలే కాదు" అంది. తర్వాత థర్మిస్టర్. వేడిగాలి వచ్చే గోడలో గుచ్చి ఉండే చిన్న లోహపు పుల్ల అది, రెండు సన్నని తీగలు దాన్నుంచి బోర్డుకి వెళ్తాయి. చల్లగా ఉంటే దాని నిరోధం ఎక్కువ, వేడెక్కే కొద్దీ తగ్గుతుంది. ఆ అంకెని బట్టి బోర్డు లోపలి వేడి లెక్కకడుతుంది. ఎంత వేడికి ఎంత అంకె అనేది ఒక్కో కంపెనీది ఒక్కో రకం. బోర్డు దగ్గర జోడు పీకి మీటర్ పెడితే రెండు లక్షల ఓమ్‌లకి కాస్త పైన చూపించింది. అక్క ఆ పుల్లని గుప్పిట్లో పట్టుకుంది. అంకె మెల్లిగా దిగడం మొదలెట్టింది. ఎక్కడా ఎగిరి పడలేదు.

"వస్తువు మంచిదే" అంది. తర్వాత జోడు దగ్గర తీగని వేలితో కదిపింది. మీటర్‌లో అంకె పోయి 'ఓ ఎల్' అని వచ్చింది. అంటే కొలవలేనంత, తీగ తెగినట్టు. ఇటు కదిపితే మళ్లీ రెండు లక్షలు. అటు కదిపితే ఏమీ లేదు.

"వేడికి మారితే వస్తువు తప్పు. కదిపితే మారితే జాయింటు తప్పు. పెద్దమ్మ తలుపు వేస్తే ఆగింది అన్నప్పుడే అనుకున్నా."

నాకు అక్కడ అర్థమైన సంగతి ఒకటి రాయాలి. తీగ ఊడితే బోర్డుకి 'లోపల విపరీతమైన చలి' అన్నట్టే అంకె అందుతుంది. దాన్ని నమ్మితే వేడి పెంచుకుంటూనే పోతుంది. అందుకే నమ్మశక్యం కాని అంకె వస్తే పని ఆపేసి అరవమని చేసినవాళ్లు దానికి నేర్పారు. అంటే అరవడం రోగం కాదు. తనకి స్పర్శ పోయిందని అది చెప్పుకుంటోంది. అమ్మ వేళ్లకి ఆ ఏర్పాటు లేదు.

సాహిత్యం చదివినవాళ్లతో ఇదే చిక్కు, ప్రతి చోటా పోలిక కనబడుతుంది. ఇది నేను వెతికి తెచ్చింది కాదు. నా ఎదురుగా అమ్మ ఆ మాడిన తీగని చూస్తూ తన మూడు వేళ్లని చీర కొంగుతో రుద్దుకుంటోంది.

తీగ చివర వేడికి నల్లబడి, లోపలి పిన్ను వదులైపోయింది. అక్క ఆ ముక్క కత్తిరించి కొత్త పిన్ను నొక్కింది. మోటార్ల చుట్టలకి వాడే గాజునార గొట్టం ముక్కొకటి తీగకి తొడిగి, వేడి రేకుకి తగలకుండా పక్కకి కట్టింది. ఆ గొట్టం కంపెనీ మనిషి సంచిలో ఉండదు, వైండింగ్ షాపులో మూల పడి ఉంటుంది. విప్పిన స్క్రూలు ఒక్కటి కూడా తగ్గకుండా లెక్కపెట్టి బిగించింది. "కవరు వదులుంటే తరంగాలు బయటికొస్తయ్" అంది. గ్లాసుడు నీళ్లు పెట్టి రెండు నిమిషాలు, తర్వాత వేడిగాలి మీద నూట ఎనభై డిగ్రీలు, ఇరవై నిమిషాలు. అమ్మ రెండుసార్లు తలుపు ధడేలుమని వేసి చూసింది. అరవలేదు. నూట యాభై రూపాయలు తీసుకుంది అక్క. మేం రెండొందలిస్తే యాభై తిరిగిచ్చింది.

గుంటూరు వచ్చాక నేను ఎప్పుడో ఫోటోకాపీ తీయించి పక్కన పడేసిన పుస్తకం ఒకటి తీశాను. సింథియా కాక్‌బర్న్, సూసన్ ఓర్మ్‌రాడ్ కలిసి 1993లో తెచ్చిన పుస్తకం. బ్రిటన్‌లో ఒక్క మైక్రోవేవ్ ఓవెన్‌ని పట్టుకుని, దాన్ని గీసిన చోటు నుంచి ఫ్యాక్టరీ, దుకాణం, వంటిల్లు దాకా వెంబడించారు. గీసేది మగ ఇంజనీర్లు. అదే కంపెనీలో గృహశాస్త్రం చదివిన ఆడవాళ్లు వండి చూసి ఏది ఎలా ఉడుకుతుందో చెబుతారు. ఆ ఆడవాళ్లు చెప్పేది వంట, వాళ్లు చెప్పేది టెక్నాలజీ. జీతంలోనూ గౌరవంలోనూ తేడా అక్కడ మొదలవుతుంది. దుకాణాల్లో కూడా మొదట టీవీలు, స్టీరియోల పక్కన పెట్టి అమ్మినప్పుడు అది మగవాళ్ల సరదా వస్తువు. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్ల వరసలోకి మారాక ఆడవాళ్ల ఇంటి సామాను. పీహెచ్‌డీ రోజుల్లో ఇది చదివి 'బాగుంది, మనకి సంబంధం లేదు' అనుకున్నాను. రూత్ శ్వార్ట్జ్ కోవన్ 1983లోనే ఇంటి యంత్రాలు వచ్చాక తల్లుల పని తగ్గలేదని ఒక పుస్తకమంతా రాసింది. దాన్ని మాత్రం నా వ్యాసాల్లో చాలాసార్లు వాడుకున్నాను. యంత్రం వల్ల ఆడవాళ్లకి ఒరిగిందేమీ లేదని చెప్పడం నాకు సులువు. యంత్రం గురించి ఆడవాళ్లకి ఏం తెలుసో అడగడం తట్టలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మనం వంటింటి నుంచి బయటపడటం గురించి ఇన్నేళ్లు రాశాం, మాట్లాడాం. అమ్మ ఆ వంటింట్లో ఉండటం కోసం పోట్లాడుతోంది. కొడుకు ఇంట్లో తను వండుకునే చోటు ఉండదని ఆమెకి తెలుసు. "అక్కడ నేను కూచ్చోవాలి, వాళ్లు పెడితే తినాలి, అంతేగా" అంది ఒక రాత్రి. దీన్ని ఏ చట్రంలో ఇరికించాలో నాకింకా తెలీదు. ఆమెకి వంట మీద ప్రేమ అనలేను. తన ఇంటి తాళం తన బొడ్లో ఉండటం మీద ప్రేమ. అది వంటింట్లోంచి మొదలైందంతే.

అన్నయ్యకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. "కనెక్టరా? మరి బోర్డు అన్నాడే వాడు?" అన్నాడు. తర్వాత "ఈ ఏడాదికి ఉండనీ, చూద్దాం" అన్నాడు. ఏడాది తర్వాత ఏమిటో వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఓవెన్ వెనక్కి తోసింది నువ్వే అని మాత్రం చెప్పాను.

జూన్‌లో అమ్మని గుంటూరు తీసుకొచ్చి వేరే డాక్టరమ్మకి చూపించాను. ఇన్నేళ్లూ చూపించుకున్న చోట కాళ్లు మంటలంటే "వయసండీ" అనేవారు. మొద్దుబారుతున్నాయంటే కూడా "వయసండీ". అమ్మ రెండు వేర్వేరు సంగతులు చెబితే వాళ్లకి ఒకటే వినబడింది. ఈ డాక్టరమ్మ అమ్మని కళ్లు మూసుకోమని, నైలాన్ పోగులాంటిది ఒకటి అరికాలి మీద వంగేదాకా ఆనించి "తగిలితే చెప్పండి" అంది. పది గ్రాముల ఒత్తిడికి వంగే పోగు అది. ఒక చోట "ఆ" అంది అమ్మ. ఒక చోట ఏమీ అనలేదు. తర్వాత శ్రుతిదండం మోగించి బొటనవేలి ఎముక మీద పెట్టింది. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. వైండింగ్ షాపులో తీగ కదిపినప్పుడు మీటర్ వంక చూసినట్టే చూస్తున్నాను. మంట, మొద్దుబారడం రెండూ షుగర్‌తో నరాలు దెబ్బతిన్న లక్షణాలేనని, ఒకే మనిషికి రెండూ ఉండొచ్చని, పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రావడం కష్టమని, ఉన్నది కాపాడుకోవాలని చెప్పింది. చెప్పులు లేకుండా నడవొద్దంది. రోజూ పాదాలు చూసుకోమంది. వేడినీళ్లు వేళ్లతో కాకుండా మోచేత్తో చూసుకోమంది.

"ఎప్పటి నుంచమ్మా ఈ మంటలు?" అని అడిగితే అమ్మ సంచిలోంచి పాల లెక్కల పుస్తకం తీసింది. ఓవెన్ పేజీలు అయిపోయాక ఒక పేజీ ఖాళీ వదిలి, మే ఇరవై నుంచి మళ్లీ మొదలుపెట్టింది. తేదీ, పూట, ఏ కాలు. మంటలకి ఒక వరస, మొద్దుకి ఒక వరస, మధ్యలో స్కేలుతో గీత. డాక్టరమ్మ కళ్లజోడు పైకి జరుపుకుని పుస్తకాన్ని తన వైపు తిప్పుకుంది. "మొదటి పేజీ నుంచి చెప్పండి" అంది. అమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది.